ఇద్దరి హాజరు

జెబకుమార్ సారు తెర మీద బ్రాంచి ఖాతాల లెక్క తెరిచేసరికి సింధుజ మేడ మీద నీళ్ల ట్యాంకు నీడలో గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది, కుడి తొడ మీద తన ఫోను, ఎడమ తొడ మీద అమ్మ ఫోను. కుడి ఫోనులో సింధుజ. ఎడమ ఫోనులో మహేశ్వరిప్రియ, పేరు పొడవు కాబట్టి చివరి అక్షరాలు గడిలో పట్టక చుక్కలైపోయి, మైకు ఆపేసి, కెమెరా ఆపేసి, నల్లటి గడి మధ్య ఒక్క ఇంగ్లీషు అక్షరం. సారు తమిళంలో అందరూ ప్రెజెంట్ వేయండమ్మా అన్నారు. ఆమె తన ఫోనులో ప్రెజెంట్ సార్ అని కొట్టింది, ఇద్దరూ ఒకేసారి కొట్టినట్టు కనపడకూడదు కాబట్టి కాస్త ఆగి, ఇంకొందరి పేర్లు పైకి జరిగిపోయాక, ఎడమ ఫోనులో కూడా ప్రెజెంట్ సార్ అని కొట్టింది. మొదట్లో ఈ పని చేసేటప్పుడు గుండె దడదడలాడేది, చెమట పట్టిన వేలికి అక్షరాలు తప్పు పడేవి. ఇప్పుడు పళ్లు తోముకున్నట్టుగా ఉంది. పళ్లు తోముకుంటున్నప్పుడు కూడా ఏమీ అనిపించదు, కాఫీ తాగుతున్నప్పుడూ అనిపించదు, కోవిల్‌పట్టి ఎండ పిట్టగోడ మీద తెల్లగా పరుచుకుని ఉన్నా అది వేరే ఎవరి కంటిలోనో పడుతున్నట్టు ఉంటుంది.

ఎప్పటి నుంచి ఇలా అయిందో చెప్పమంటే చెప్పలేకపోతుంది. తాత పోయిన రోజు నుంచేమో. పుదూరు పక్కన ఊళ్లో తాత పోతే, వీళ్ల వీధిలో ఎవరికో కరోనా వచ్చిందని మునిసిపాలిటీవాళ్లు రెండు చివర్లా రేకులు కట్టేసి ఉన్నారు, పోవడానికి లేదు. నాయన ఆ రేకుల దగ్గర నిలబడి కాపలా కానిస్టేబులును బతిమాలి, బతిమాలి, తిరిగి వచ్చేశాడు. చిన్నాయన ఫోనులో చూపించాడు. అమ్మ, నాయన, తను, ముగ్గురూ ఒకే ఫోను మీదికి వంగి చూశారు, నల్లరేగడి చేను అంచున కట్టెలు, తాత మొహం ఒక్క క్షణం, అంతలో బొమ్మ కదలకుండా నిలిచిపోయింది. మళ్లీ వచ్చేసరికి మంట అంటుకుని ఉంది. నాయన ఏడ్చాడు, అమ్మ ఏడ్చింది, తను మాత్రం సిగ్నలు ఎన్ని గీతలున్నాయో చూసింది. మర్నాడు పొద్దున యథాప్రకారం క్లాసు. సంతాపం తెలిపిన వాళ్లందరికీ దండం పెట్టిన చేతుల బొమ్మ పంపింది. అంతే. ఆ తరువాత ఎవరు పోయారన్నా ఎవరికి బాగా లేదన్నా అదే బొమ్మ.

సారు గొంతు తెగి తెగి వస్తోంది. హెడ్డాఫీసు సరుకు పంపింది, సంవత్సరం ముగిసేనాటికి బ్రాంచికి చేరలేదు, మరి ఆ సరుకు ఎవరి పుస్తకంలో చూపిస్తారు, ఎవరైనా చెప్పండమ్మా. ఎవరూ చెప్పరు. నల్లటి గడులు. విరుదునగర్‌లో కాలేజీ గదిలో అదే సారు అదే ప్రశ్న అడిగి ఉంటే ప్రియ బెంచీ మీద నుంచి సగం లేచి తప్పు జవాబు చెప్పి ఉండేది. తప్పు చెప్పడానికి ఆ పిల్లకు భయం లేదు. ఆ పిల్ల లెక్కల్లో రెండు వైపుల మొత్తాలు ఒక్కనాడూ మొదటిసారే కలిసేవి కావు. చివరికి తప్పు దొరికితే హాస్టలు గదంతా వినపడేలా తేలింది మే, తేలింది అని అరిచేది, తెలుగులో. హాస్టల్లో తెలుగు వచ్చినవాళ్లు వాళ్లిద్దరే. చదవడం రాదు, రాయడం రాదు, ఇంట్లో మాట్లాడే మాటే, అయినా మిగతా అమ్మాయిల ఎదుట వాళ్ల గురించే మాట్లాడుకోవడానికి అది భలే పనికొచ్చేది. శనివారం మధ్యాహ్నం బజారులో మిరపకాయల గోదాముల ముందు తుమ్ముతూ నడుచుకుంటూ స్టేషనుకు పోయి, ప్యాసింజరు ఎక్కితే, సాత్తూరులో ప్రియ ముందు దిగేది. దిగి ఊరికే పోయేది కాదు, ప్లాట్‌ఫారం మీద చీల్చి కారం పూసిన దోసకాయ కొని, రైలు కదిలేలోపల కిటికీలోంచి అందించి, పరుగెత్తేది. తరువాతి పెద్ద స్టేషను కోవిల్‌పట్టి. దోసకాయ తినడం అయ్యేసరికి ఊరు వచ్చేది. మార్చిలో నాలుగు రోజుల సెలవే కదా అని ఒక్క సంచితో వచ్చారు. పరుపూ పుస్తకాలూ బకెట్టూ ఇంకా ఆ గదిలోనే ఉన్నాయి, ప్రియ ఉతికి ఆరేసిన చున్నీ ఆ తీగ మీదే ఉండి ఉంటుంది.

ప్రియ ఇంట్లో ఉన్న ఫోను ఒక్కటే. దాన్ని అన్న కన్నన్ సాత్తూరుకు పనికి తీసుకుపోతాడు, రాత్రికి తెస్తాడు. క్లాసులు పగలు. జూన్ అంతా, జూలై అంతా ఆ పిల్ల పేరు ఆబ్సెంటు లిస్టులోనే పడింది. ఒకరోజు తెలియని నంబరు నుంచి పిలిచి, ఇంట్లో తనను పిలిచే పేరే చెప్పింది.

"నేనే మే, మయేసును. ఇది మాయక్కాళ్ అక్క పోను. నేను వేలైకి పోతాండాను."

"ఏం పని? యాడికి?"

"వెంబకోట్టై తట్టు. టపాకాయల కంపిని. దీపావళి దాకానే. పోను కొనేదానికి అయితే సాలు, నిలిపేస్తాను."

"మీ నాయనకు తెలిస్తే?"

"నరికేస్తాడు. మా ఇంటి ఆడబిడ్డ కంపిని వేలైకి పొయ్యిందంటే ఊర్లో తల యెత్తుకోని తిరగలేడు గదా. వెంబకోట్టైలో నా సినేయితురాలి ఇంట్లో నెట్టు ఉండాది, ఆడ కూర్చోని క్లాసు సదువుతాను అని అమ్మతో చెప్పిండాను. కంపినిలో పేరు కూడా మార్చి చెప్పినాను, సెల్వి అని. నువ్వు నా పేరుతో లోపలికి పొయ్యి అటెండెన్సు మాత్రం వెయ్యి. పాస్‌వర్డు చెప్తాను, రాసుకో."

క్లాసు వినడానికి ఫోను కావాలి, ఫోను కోసం క్లాసు మానాలి. ఆ మాట పైకి అన్నది ప్రియే, అని నవ్వింది. సింధుజ నవ్వలేదు, రాసుకుంది. కాదు అనాలని కూడా తోచలేదు. ఆ రోజుల్లో ఎవరు ఏమి అడిగినా సరే అనడం తేలిక. మధ్యాహ్నం తిండి వేళ మాయక్కాళ్ ఫోను నుంచి అప్పుడప్పుడు పిలిచేది, చుట్టూ ఆడవాళ్ల మాటలు వినిపించేవి. గోళ్లలోకి ఎక్కిన వెండిరంగు సున్నిపిండి పెట్టినా పోవడం లేదట, ఇంట్లో అమ్మ అడిగితే కాలేజీ ప్రాజెక్టుకు రంగు వేశాను అన్నదట. మాయక్కాళ్ పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పుతుందట, సొంత కూతురి కంటే ఎక్కువగా తిడుతుందట. సింధుజ ఊ కొడుతూ వినేది.

క్లాసు గ్రూపులో మెసేజి వచ్చిన చప్పుడుకు కుడి ఫోను పైన చిన్న పట్టీ దిగింది. వెంబకోట్టై దగ్గర టపాకాయల ఫ్యాక్టరీలో పేలుడు. కింద ఫోటో, ఖాళీ రేగడి నేల, దూరాన బూడిదరంగు పొగ చెట్టంత ఎత్తు. ఆ ఫ్యాక్టరీ పేరు లేదు. ఆ పక్కన అలాంటివి ఎన్నో ఉన్నాయి, ప్రియ తన కంపెనీ పేరు ఎప్పుడూ చెప్పలేదు, వ్యాను వస్తుంది, ఎక్కించుకుని పోతుంది, అంతే చెప్పింది. సింధుజ ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. పొగ పెద్దదయింది. మనుషులు చీమల మాదిరి ఉన్నారు, ఇంకా పెద్దది చేస్తే మనుషులు చతురస్రాలైపోయారు. గుండె కొట్టుకోవడం మామూలుగానే ఉంది. దాన్ని తను గమనిస్తూ ఉంది, ఇప్పుడు భయపడాలి కదా, భయం ఏది అని ఇల్లంతా వెతుకుతున్నట్టు.

సారు లెక్క ఆపారు. ఆయన కూడా చూసి ఉంటారు. "మహేశ్వరిప్రియా, మీ ఊరు అటువైపే కదమ్మా? అంతా బాగున్నారా?"

సింధుజ ఎడమ తొడ మీది ఫోను వైపు చూసింది. నల్లటి గడి ఆమె వైపు చూసింది. క్లాసంతా ఆ గడినే చూస్తూ ఉండి ఉంటుంది. సమాధానం రాకపోతే సారు మైకు తెరవమంటారు. బొటనవేలు దానంతట అదే కదిలి ఇంగ్లీషులో సేఫ్ సార్ అని కొట్టింది. వెంటనే కింద వరసగా దండాల బొమ్మలు, దేవుడికి థాంక్స్, జాగ్రత్త ప్రియా. సారు "మంచిదమ్మా, మంచిది" అని, గొంతు సవరించుకుని, దారిలో ఉన్న సరుకు దగ్గరికి మళ్లీ వెళ్లిపోయారు.

ఆమె లేచింది. ఎందుకు లేచిందో తెలియదు. మేడ ఆ చివరి దాకా నడిచి, ఈ చివరి దాకా నడిచి, మాయక్కాళ్ నంబరుకు ఫోను చేసింది. తమిళంలో ఒక ఆడగొంతు, మీరు పిలిచిన చందాదారు ప్రస్తుతం అందుబాటులో లేరు. మళ్లీ చేసింది. అదే గొంతు, అదే మర్యాద. కింద వీధిలో కొబ్బరి చీపుర్లు అమ్మేవాడు మాస్కు గడ్డం కిందికి లాక్కుని అరుస్తూ పోతున్నాడు. పక్క మేడ మీద ఎవరో వడియాలు ఎండబెట్టారు. పొయ్యి మీద పప్పు పొంగిన వాసన. సిగ్నలు అందడం లేదేమో, పనివేళ ఫోన్లు గేటు దగ్గర పెట్టించుకుంటారని చెప్పింది కదా, అది వేరే కంపెనీ అయి ఉంటుంది, వేరే వాళ్ల పిల్లలు అయి ఉంటారు. అలా అనుకోగానే వేరే వాళ్ల పిల్లల మీద ఏమీ అనిపించలేదు, ఆ అనిపించకపోవడం కూడా ఎక్కడో దూరంగా ఉంది.

అప్పుడు చేతిలో ఫోను మోగింది. క్లాసులోంచి తన గడి తెగిపోయి, తెర మీద తెలియని నంబరు.

"పాపా, నేను మయేసు అమ్మను. లక్ష్మియమ్మాళ్ని. పక్కింటోళ్ల పోను." ఆయాసం. పరుగెత్తి వచ్చినట్టుంది. "ఆడ యాడనో కంపిని పేలిపోయిందంటాండారు. మా పిల్ల వెంబకోట్టైకి పొయ్యిండాది క్లాసుకి. రోడ్డులో బస్సు ఆపేసినారంట. అది నీతో క్లాసులో ఉండాది గదా పాపా?"

సింధుజ ఎడమ చేతిలోని అమ్మ ఫోను వైపు చూసింది. మహేశ్వరిప్రియ, చుక్కలు. ఉంది.

"ఉండాది అత్తా."

"మాట్లాడిందా?"

"ఇప్పుడే. బాగుండానని చెప్పింది సార్‌తో."

"అమ్మాడీ." లక్ష్మియమ్మాళ్ ఒక్కసారిగా ఊపిరి వదిలింది, పక్కన ఎవరితోనో క్లాసులో ఉండాదంట, మాట్లాడిందంట అని చెప్తోంది, ఆ గొంతులో నవ్వు వచ్చేసింది. "నా ప్రాణం పొయ్యి వచ్చింది పాపా. కన్నన్ సాత్తూరు నుంచి బండి తీసుకోని బయలుదేరతాను అన్నాడు, వద్దులే అని చెప్పేస్తాను. సరి, నువ్వు సదువుకో." పెట్టేసింది.

వద్దులే అని చెప్పేస్తాను. ఆ మాట వినపడి, వినపడకుండా పోయి, మళ్లీ వచ్చింది. సింధుజ పిట్టగోడ దగ్గర నిలబడిపోయింది. కన్నన్ బయలుదేరడు. ఎవరూ బయలుదేరరు. క్లాసులో వాళ్లు ప్రియ బాగుందనుకుంటారు, అమ్మ బాగుందనుకుంటుంది, నాయన చేలో ఉంటాడు. అక్కడ పడి ఉంటే, ఎవరైనా ఎత్తి బండిలో వేస్తే, ఏ ఆసుపత్రిలోనో పేరు అడిగితే పక్కనున్నవాళ్లు సెల్వి అని చెప్తారు. ఏ ఊరి సెల్వి, ఎవరి కూతురు సెల్వి, ఎవరికీ తెలియదు. ఆ సెల్వి ప్రియ అని ఈ భూమి మీద తెలిసినది తను ఒక్కతే, తను ఇక్కడ ఆ పిల్లను క్లాసులో కూర్చోబెట్టి ఉంది. చెప్తే అటెండెన్సు పోతుంది, కాలేజీలో ఇద్దరి పేర్లూ పోతాయి, ప్రియ నాయనకు తెలుస్తుంది. చెప్పకపోతే. చెప్పకపోతే అన్న దగ్గర బుర్ర ఆగిపోయింది, తాత మొహం తెర మీద ఆగిపోయినట్టు. వేరే కంపెనీ అయి ఉంటుంది. పొగ ఫోటో ఇంకా చేతిలోనే ఉంది. వేరే కంపెనీయే. సాయంత్రం ఫోను చేసి నవ్వుతుంది. నవ్వకపోతే.

తన ఫోనులో క్లాసు తెగిపోయి ఉంది. తెరిచి ఉన్నది అమ్మ ఫోను ఒక్కటే. ఆమె దాని మైకు గుర్తు మీద నొక్కింది. ఇన్నాళ్లూ నల్లగా ఉన్న గడి చుట్టూ నీలంరంగు గీత వెలిగింది.

"సార్, మయేసు ఈడ లేదు."

సారు ఆగారు. "ఏమన్నావమ్మా?"

ఇంటి మాటలో అనేసిందని అప్పుడు తెలిసింది. విన్నవాళ్లలో ఎవరికీ అర్థమై ఉండదు. తమిళంలోకి మార్చుకుని, ఒక్కొక్క మాటా పేర్చుకుంటూ చెప్పింది. "సార్, నేను మహేశ్వరిప్రియను కాదు. సింధుజను. ప్రియ క్లాసులో లేదు. రోజూ నేనే వేస్తున్నాను. ఆ పిల్ల వెంబకోట్టైలో ఫ్యాక్టరీ పనికి పోతోంది. ఇంట్లో తెలియదు. అక్కడ సెల్వి అని పేరు చెప్పింది. ఏ ఫ్యాక్టరీయో నాకు తెలియదు సార్."

ఎవరి గడీ వెలగలేదు. ఎవరింట్లోనో మిక్సీ తిరుగుతోంది, ఎవరో మైకు ఆపడం మరిచిపోయారు. సారు కోప్పడతారని ఎదురుచూసింది. ఆయన కళ్లజోడు తీసి మొహం తుడుచుకుని, "ఇంట్లోవాళ్లకు చెప్పావా?" అన్నారు.

"లేదు సార్. బాగుందని చెప్పాను."

"ముందు వాళ్లకు చెప్పు. ఇప్పుడే. సాత్తూరు ఆసుపత్రిలో నాకు తెలిసిన మనిషి ఉన్నాడు, నేను అడుగుతాను." ఆయన క్లాసు ముగించలేదు. తెర మీద బ్రాంచి ఖాతా అలాగే ఉంది, ఆయన కుర్చీ మాత్రం ఖాళీ అయింది. ఎవరూ బయటికి పోలేదు.

లక్ష్మియమ్మాళ్ ఈసారి నవ్వుగొంతుతోనే ఎత్తింది. సింధుజ చెప్పింది. తను అబద్ధం చెప్పానని చెప్పింది, అన్నీ చెప్పింది, ఒకే స్వరంలో, అప్పగించిన పాఠం మాదిరి. అవతల అరుపు రాలేదు. "కంపినికా?" అని మాత్రం వినిపించింది, ఆ తరువాత ఫోను నేల మీద పడిన చప్పుడు, పక్కింటి మనిషి కన్నన్‌కు పోను చెయ్యండి అని కేకవేయడం. అంతటితో లైను పోయింది.

ఆపైన చేయడానికి ఏమీ లేదు. ఆమె నడిచింది. ట్యాంకు దగ్గరి నుంచి మెట్ల దగ్గరికి, మెట్ల దగ్గరి నుంచి పిట్టగోడకు. కన్నన్ ఇప్పుడు ఎక్కడ ఉంటాడు, సాత్తూరు దాటి ఉంటాడా, పోలీసులు దారి వదులుతారా. ప్రియకు పరుగు బాగా వచ్చు, రైలు కదులుతుండగా దోసకాయ ఇచ్చి ఎంత వేగంగా పోయేది. కానీ కూర్చుని పని చేసేటప్పుడు కాళ్లు తిమ్మిరెక్కుతాయని అనేది, తిమ్మిరెక్కిన కాళ్లతో ఎవరు పరుగెత్తగలరు. కింది నుంచి అమ్మ "కూడు తిందువు రా" అని పిలిచింది, మళ్లీ పిలిచింది. వడియాల మీద కాకి వాలింది. సారు తెర మీదికి వచ్చి ఇంకా ఏమీ తెలియలేదమ్మా అన్నారు, వెళ్లారు, మళ్లీ వచ్చి అదే అన్నారు. గ్రూపులో ఎవరూ ఏ బొమ్మా పెట్టడం లేదు. ఏడుపు వస్తే బాగుండేది. గొంతు దగ్గర ఏమైనా ఉందేమోనని మింగి చూసింది. ఉమ్మి.

కన్నన్ నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎత్తింది.

"మే. నేనే."

ప్రియ గొంతు. గరగరగా ఉంది, పొగ పట్టినట్టు, అయినా ప్రియదే.

"దెబ్బలు?"

"లేవు. ముండ్లు గీసినాయి. పరిగెత్తినాను గదా." ఆగింది. "మాయక్కాళ్ అక్క పొయ్యింది మే. నీళ్లకని నన్ను పంపించింది. నేను కుళాయికాడ ఉండాను. బిందె ఇంకా నిండలా."

వెనక ఎవరో బిగ్గరగా ఏడుస్తున్నారు, ఒక్కరు కాదు. అంబులెన్సు కూత.

"నువ్వా చెప్పినావు?" అంది ప్రియ.

"నేనే."

"సార్ ముందరా? అందరి ముందరా?"

"ఆ."

"నాయన ఒచ్చిండాడు. రోడ్డు అవతల నిలబడి ఉండాడు, నా తట్టు తిరగనే లేదు. ఇంక సదువు లేదు అంటాడు, నాకు తెలుసు." కోపం లేదు ఆ మాటలో. అలసట ఒకటే ఉంది. "నువ్వు చెప్పకపోయింటే సాయంత్రం నేనే ఇంటికి పొయ్యిండేదాన్ని మే. ఎవరికీ తెలిసిండేది కాదు."

"నువ్వు ఉండావో లేదో నాకు తెలీలేదు."

"ఊ."

కన్నన్ ఏదో అన్నాడు, ఇంక చాలు అన్నట్టు. "పెట్టేస్తాను" అంది ప్రియ. పెట్టేసింది.

సింధుజ ఎడమ ఫోను మైకు తెరిచి, ప్రియ బతికే ఉంది సార్ అని చెప్పింది. అన్ని గడులూ ఒక్కసారి వెలిగాయి, అన్ని గొంతులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సారు అందరినీ ఆగమని, మెల్లగా అన్నారు, "నేను విభాగం హెడ్‌కు చెప్పవలసి వస్తుందమ్మా. నీకు తెలుసు కదా." తెలుసు సార్ అంది. ఎవరెవరో ఆమె పేరు పెట్టి పిలుస్తూ ఉండగానే రెండు ఫోన్లూ ఆపేసి, మెట్ల వైపు నడిచింది.

మొదటి మెట్టు నీడలో ఉంది. దాని మీద కాలు పెట్టగానే ఏదో గుచ్చుకున్నట్టయి గోడ పట్టుకుంది. రెండో కాలు పెట్టింది, అలాగే ఉంది. కూర్చుని పాదం తిప్పి చూసుకుంది. చెప్పులు ట్యాంకు దగ్గరే ఉండిపోయాయి. అంతసేపూ మిట్టమధ్యాహ్నపు మేడ మీద ఉత్త కాళ్లతో తిరిగింది. మడమ దగ్గర, వేళ్ల మొదట్లో, చర్మం తెల్లగా ఉబ్బి నీటి పొక్కులు లేచి ఉన్నాయి.

"ఏమైందే, ఎంతసేపు పిలిచేది?" అమ్మ కింది నుంచి గరిటెతో సహా మెట్లెక్కి వచ్చి, పాదాలు చూసి, "అయ్యో, తల్లీ" అని పక్కన కూలబడింది.

"అమ్మా" అంది సింధుజ. ఇంకేదో చెప్పబోయింది, ప్రియ పేరు నాలుక దాకా వచ్చింది, మాయక్కాళ్ పేరు వచ్చింది, ఎన్నడూ చూడని ఆ మనిషి గొంతు ఫోనులో వెనకాల నుంచి ఎన్నిసార్లు వినపడిందో అదీ వచ్చింది. అవేవీ బయటికి రాలేదు. "మండతాండాదమ్మా" అంది, "శానా మండతాండాది." అమ్మ ఆమె పాదాలను ఒళ్లోకి తీసుకుని ఊదడం మొదలుపెట్టింది.